వదిలినవి అనే గడి

మా అమ్మాయి నిద్రపోయిన ప్రతిసారీ ఒక సంఖ్య మేలుకుంటుంది.

ఆమనికి తొమ్మిదేళ్ళు. మెలకువగా ఉన్నంతసేపు అందరు పిల్లల్లాగే ఊపిరి తీసుకుంటుంది, అరుస్తుంది, మేడ మెట్లు రెండేసి చొప్పున దూకుతుంది. కన్ను మూతపడిందంటే ఆమె మెదడు ఊపిరి సంగతి మరచిపోతుంది. పుట్టుకతో వచ్చిన లోపం. అందుకే రెండో ఏట మెడ వెనుక బియ్యపుగింజంత పరికరం ఒకటి అమర్చారు. దాని పేరు ఊపిరితోడు. నిద్రలో ప్రతి శ్వాసకూ ముందు అది మెదడును ఒకసారి తట్టి గుర్తుచేస్తుంది. ఎంత వేగంగా తట్టాలో చెప్పే ఆజ్ఞలు ఆసుపత్రి నుంచి వస్తాయి. వచ్చిన ప్రతి ఆజ్ఞనూ అది పాటించదు. మూలముద్రకు లోబడిన ఆజ్ఞ అయితేనే పాటిస్తుంది. ఆ ముద్ర ఒక పెద్ద సంఖ్య. నిద్రపోయే బిడ్డ ఊపిరికి కాపలా ఉన్నది ఆ సంఖ్య ఒక్కటే.

ఊపిరి మనం చేసే పనా, మనకు జరిగే పనా అని ఒకప్పుడు పుస్తకాల్లో వెతికాను. ఆమని పుట్టాక ఆ ప్రశ్నను పుస్తకాల్లో వెతకడం మానేశాను. ఆ సంఖ్యను తయారుచేసిన చోటే ఉద్యోగం అడిగి చేరాను. నమ్మకం ఉండి కాదు, నమ్మలేక.

ఆ చోటు కాకినాడ భానుగుడి కూడలిలో, మందుల దుకాణం పైన రెండు గదులు. లెక్కల ప్రొఫెసరుగా రిటైరైన అనంతరామం మాస్టారు పెట్టిన సంస్థ. ఆసుపత్రి కోసం మూలముద్రను చేసింది ఆయనే. ఇప్పుడు మేము తయారుచేస్తున్నది 'పొర' అనే ఎడిటర్. రహస్యలిపిలో ఉన్న ఫైళ్ళను కంప్యూటర్ మీద తెరచి చూసి దిద్దుకొనే పనిముట్టు. అటువంటి ఫైలు భరిణెలో భరిణెలా ఉంటుంది. మూత మీద లోపల ఏముందో, ఎంత ఉందో రాసి ఉంటుంది. మూత తీస్తే మరో భరిణె. పొర ఆ మూతలన్నీ తీసి, కొమ్మలు కొమ్మలుగా పరచి చూపుతుంది. చివరి భరిణెకు తాళం ఉంటే అక్కడ ఒక ఖాళీ గడి చూపి ఊరుకునేది. ఇప్పుడు విడుదల చేయబోతున్న ఏడవ కూర్పులో ఊరుకోదు.

"కొత్త సదుపాయాలు చదవమంటారాండీ?" అన్నాడు తాతాజీ, విడుదల ప్రకటన చిత్తుప్రతి తెర మీద పెట్టి. పేరు తాతాజీయే గాని వయసు ఇరవై ఆరు. మా సంస్థలో మాస్టారు, నేను కాక ఉన్నది అతనొక్కడే.

"చదువు."

"నల్ల తెర. కళ్ళు మండకుండా. ఆపైన, ఫైలు లాక్కొచ్చి పడేస్తే దానంతటదే తెరుచుకోవడం. ఆపైన మన ఊహ. దీనికి రెండు వాక్యాలు చాలవండి, పేరా రాయాలి."

"రాయకు. వాడినవాళ్ళకు తెలుస్తుంది."

ఊహ అంటే ఇది. ప్రతి ముద్రకూ రెండు సగాలుంటాయి. ఒకటి అందరికీ కనిపిస్తుంది, రెండవది దాచి ఉంటుంది. కనిపించే సగం నుంచి దాచిన సగానికి దారి లేదని గణితం చెబుతుంది. ఆ మాట నిజమే. అయితే దాచిన సంఖ్యను ఎక్కడో ఒకచోట ఒక మనిషి ఎంచుకొని ఉంటాడు. ఊహ గణితం జోలికి పోదు. మనిషి జోలికి పోతుంది. లక్షల ఫైళ్ళను చదివి మనుషుల చేతులు ఎటు ఒరుగుతాయో అది నేర్చుకొంది. తాళం ఉన్న గడిలో, లోపల ఏమి ఉండవచ్చో బూడిదరంగు అక్షరాలతో రాసి చూపుతుంది. పాడైన ఫైళ్ళను బాగుచేసుకొనేవాళ్ళకు ఉపకరిస్తుందని చేశాం. పరీక్షించి చూడమని కొందరికి ముందుగా ప్రతులు పంపాం.

"చివరాఖరిది 'వదిలినవి'. ఇది మన బుర్రలోంచి వచ్చింది కాదండోయ్. పరీక్షకుల్లో ఒకాయన అడిగారు. 'ఒడ్డు' అని పేరు పెట్టుకున్నారు. ఆయనో, ఆవిడో."

"గుర్తుంది. మర్యాదగా అడిగారు."

"మర్యాదంటే అలాంటిలాంటి మర్యాదా అండీ! 'మనిషి వేసినవే కాక, వేసి లెక్కలోంచి వదిలేసినవాటిని కూడా ఊహకు చెప్పుకునేందుకు చిన్న గడి ఒకటి ఇప్పిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.' పెళ్ళిశుభలేఖ రాసినట్టు రాశారు."

ఒక మధ్యాహ్నం పని. ఆ గడి చేర్చి, రెండవసారి ప్రతులు పంపాం. ఆలోచించవలసింది ఏమీ కనిపించలేదు. మనిషి ఎంచుకొన్నదే కాదు, తోసిపుచ్చినదీ అతని గుర్తే. అడిగినవారి తెలివికి ముచ్చటపడ్డాను కూడా.

"ఒక పని చేద్దామండి," అన్నాడు తాతాజీ. "మన మూలముద్ర బయటి సగాన్నే దీనికి పెడదాం. నోరెళ్ళబెడుతుంది. 'మాస్టారి ముద్ర ముందు ఊహ కూడా ఓడిపోయింది' అని ప్రకటనలో వేసుకోవచ్చు."

నేను నవ్వి తల ఊపాను.

మాస్టారి ముద్ర గురించి అంత ధీమా ఉండటానికి కారణం మా గదిలోనే గాజుపెట్టెలో ఉంది. నాలుగు గవ్వలు. ముద్ర చేసిన రోజున యంత్రం ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యలను మాస్టారు నమ్మలేదట. యంత్రం లోపలి చిప్పు ఎవరు చేశారో, అందులో ఏం దాచారో ఎవరికి తెలుసు? తలుపులు మూసి, తెల్లని పంచె పరచి, వాళ్ళమ్మ ఆడుకొన్న గవ్వలతో సాయంత్రం దాకా పందేలు వేశారు. ఆసుపత్రి సర్జను డాక్టర్ జకరయ్య పక్కన కూర్చుని పడిన పందెం పడినట్టు యంత్రానికి అందించారు. గవ్వ రెండువైపులా సమానంగా పడదని వాళ్ళకు తెలుసు. ఆ ఒరుగుదలకు సరిపడా పందేలు పెంచారు. ఆ సంఖ్యను రెండు వాటాలుగా విడగొట్టి చెరొకటి కంఠతా పట్టారు. ఎక్కడా రాయలేదు. ఏటా ఆయుధపూజనాడు కంప్యూటర్లతోపాటు ఆ గవ్వలకూ కుంకుమ పెడతాం. మాస్టారు ప్రతిసారీ అదే కథ చెబుతారు. "మొదటి పందెం ఒకటి. తరవాత మూడు, రెండు. నాలుగోది అష్ట! జకరయ్య 'శుభం మాస్టారూ' అన్నాడు."

తాతాజీ ఫైలును లాగి తెర మీద పడేశాడు. కొమ్మలు విచ్చుకున్నాయి. చివరి గడి కొంతసేపు ఖాళీగా ఉంది.

తర్వాత బూడిదరంగులో ఒకటి వచ్చింది. మూడు వచ్చింది. రెండు. ఎనిమిది.

ఇద్దరం నవ్వడం మానేశాం.

అంకెలు ఇంకొంత దూరం నడిచి నిలిచిపోయాయి. కింద ఒక వాక్యం. "ఇక్కడ కొన్నిటిని వదిలివేశారు. ఏవి వదిలారో తెలిస్తే మిగిలినవి చెప్పగలను." దాని పక్కన మేమే చేర్చిన గడి, నింపమని మినుకుమినుకుమంటూ.

"గాలివాటంగా తగిలిందేమోనండి," అన్నాడు తాతాజీ.

"ఏం వదిలి ఉంటారు?"

"బట్ట మీంచి దొర్లి కింద పడ్డవాటిని వదిలేసుంటారు."

అది రాశాం. అంకెలు ఒకసారి వణికి అక్కడే ఉండిపోయాయి. ఒరిగి నిలిచిన గవ్వలు అని రాశాం. కదల్లేదు.

"మీ ఇంట్లో గవ్వలాట ఆడేవారా?" అని అడిగాను.

"మా ఇంట్లో క్యారమ్స్ అండి. అది కూడా స్ట్రైకరు పోయాక మానేశాం."

నాకూ తెలియదు. మా అమ్మ ఉద్యోగం చేసేది. మా ఇంట్లో మధ్యాహ్నాలు ఉండేవి కావు.

* * *

మరునాడు ఆదివారం. నా భర్త సముద్రంలో గ్యాసు రిగ్గు మీద డ్యూటీలో ఉన్నాడు, నెలకు సగం రోజులు అక్కడే. ఇంట్లో నేను, ఆమని, మా అత్తగారు మంగతాయారు. అన్నాలయ్యాక నానమ్మా మనవరాలూ హాల్లో సుద్దముక్కతో గళ్ళు గీసుకొని అష్టాచమ్మకు కూర్చున్నారు. నేను సోఫాలో పుస్తకం తెరచి ఒకే పేజీని చాలాసేపు చూస్తున్నాను.

"ఒసేయ్, చెయ్యి తిప్పి వెయ్యి. అలా పారబోస్తే పందెం కాదు," అంటున్నారు అత్తగారు.

"నువ్వే తొండి నానమ్మా. నీ కాయ ఇందాక ఇక్కడ లేదు."

"నా కాయకి కాళ్ళున్నాయి గాని నువ్వు వెయ్యి."

గవ్వలు గలగలమన్నాయి. నాలుగూ బోర్లా పడ్డాయి. "అష్ట!" అని ఆమని చప్పట్లు కొట్టి మళ్ళీ వేసింది. పెద్ద పందెం పడితే మళ్ళీ వేయవచ్చు. ఈసారి నాలుగూ వెల్లకిల. "చమ్మ!" మళ్ళీ వేసింది. మళ్ళీ నాలుగూ బోర్లా.

"మురిగిపోయాయి!" అన్నారు అత్తగారు, గవ్వలు లాక్కుంటూ.

"అన్యాయం!"

"న్యాయమే. ఇటివ్వు."

నేను పుస్తకం మూశాను. "ఏమయ్యాయి అత్తయ్యా?"

"మురిగిపోయాయమ్మా. వరసగా మూడు పెద్దవి పడ్డాయిగా."

"పడితే?"

"మూడూ మురుగుతాయి. లెక్కలోకి రావు."

"అలాగని ఎవరు పెట్టారు?"

ఆవిడ నా వైపు వింతగా చూశారు. "ఎవరో పెట్టడమేంటి? మురుగుతాయంతే. నీళ్ళు పల్లానికి పోతాయి. పొమ్మని ఎవరు చెప్పారూ?"

ఆమని అప్పటికే ఆవులిస్తోంది. "అమ్మా, కాసేపు పడుకుంటా," అని నానమ్మ ఒడిలోకి ఒరిగిపోయింది. కనురెప్పలు వాలాయి. ఛాతీ ఒక్క క్షణం నిలిచిపోయింది. ప్రతిసారీ ఆ క్షణం అలాగే నిలుస్తుంది. ఏడేళ్ళుగా దాన్ని చూస్తున్నాను, ఇంకా అలవాటు కాలేదు. ఊపిరితోడు తట్టింది. ఛాతీ లేచింది.

మనిషి తనకు తెలియనిదాన్ని దాచగలడేమో. మరీ బాగా తెలిసినదాన్ని మాత్రం దాచలేడు, అది ఉన్నట్టే అతనికి తెలియదు. నా బిడ్డను కాపాడుతున్న రహస్యం ఎవరికీ తెలియనిది కాదు. ఈ గోదావరి జిల్లాల్లో వీధి అరుగు మీద మధ్యాహ్నం గడిపిన ప్రతి ముసలమ్మకూ తెలుసు. తమకు తెలిసినది రహస్యమని మాత్రం తెలియదు.

* * *

సోమవారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి మొదట గోడలోంచి ఇంటర్నెట్ తీగ ఊడబెరికాను. గడిలో రాశాను. వరుసగా వచ్చిన మూడు పెద్ద పందేలు.

బూడిదరంగు అంకెలు కదిలాయి. నిలిచిపోయిన చోటు దాటి, నీళ్ళు వదిలిన కాలువలో లాగా గడి చివరిదాకా నిండాయి. అడుగున చిన్న పచ్చచుక్క. బయటి సగంతో సరిపోలిందని అర్థం.

తాతాజీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఊపిరితోడు పెట్టుకొన్న పిల్లలందరి నిద్ర అప్పుడు నా బల్ల మీద ఉంది. ఆ సంఖ్య కింద నేనొక చిన్న ఆజ్ఞ రాసి పంపితే ఏ ఊళ్ళోనో ఏ మంచం మీదో ఒక ఛాతీ లేవదు. పంపనని నాకు తెలుసు. అలా తెలియడం తప్ప వాళ్ళకు మరో రక్షణ లేదు. నేను మంచిదాన్నని నేను అనుకోవడం ఒక్కటే వాళ్ళకు కోట. అంత పలుచని గోడను నేను ఎన్నడూ చూడలేదు.

* * *

మాస్టారి ఇల్లు రామారావుపేటలో. వెళ్ళేసరికి వరండాలో వాలుకుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"రా నీరజా. విడుదల రేపు కదూ? స్వీట్లు తేలేదేం?"

"ఒక మాట అడగాలని వచ్చాను మాస్టారూ. ముద్ర చేసిన రోజున వరుసగా మూడు పెద్ద పందేలు పడ్డాయా?"

"సాయంత్రం దాకా వేస్తే పడకుండా ఉంటాయా? చాలాసార్లు పడ్డాయి."

"పడినప్పుడు ఏం చేశారు?"

"ఏం చేస్తాం, మురిగిపో..."

గ్లాసు పెదవి దగ్గర ఆగిపోయింది. ఆయన దాన్ని మెల్లగా కింద పెట్టారు.

"జకరయ్యే ముందన్నాడు," అన్నారు చివరికి. "'మురిగాయి మాస్టారూ, తీసెయ్యండి' అని. ఇద్దరం నవ్వుకున్నాం. మా అమ్మ మురిగిందంటే దేవుడు దిగొచ్చినా లెక్కపెట్టేది కాదు. యంత్రాన్ని అనుమానించానమ్మా. చిప్పుని అనుమానించాను. నా చేతిని అనుమానించడం తట్టలేదు."

జరిగినదంతా చెప్పాను.

"ఆసుపత్రి రోజూ పంపే ఆజ్ఞలకు దాని ముద్ర దానికుంది. మన ముద్ర దాని పైది," అన్నారు తర్వాత. "మూలాన్ని మార్చాలంటే పాత మూలంతోనే ఆజ్ఞ పంపాలి. అది మా ఇద్దరి వాటాలూ కలిస్తేగాని కాదు. జకరయ్య వాటా జకరయ్యతోనే పోయింది."

డాక్టరు గారు క్రిందటి ఏడు గుండెపోటుతో పోయారు. ఆపరేషను థియేటరులోనే, చేతికి తొడుగులు ఉండగానే.

"పరికరాన్నే మార్చడం కుదరదా?" అన్నాను, సమాధానం నాకు తెలిసే.

"నీ పిల్లకి రెండోసారి అక్కడ కత్తి పెడితే మెలకువలో ఊపిరి కూడా పోవచ్చని నీకే చెప్పాడు కదమ్మా జకరయ్య."

"అయితే ఉన్న దారి ఒకటే."

"ఆఁ. మన ఇంట్లోకి మనమే దొంగతాళంతో దూరడం." ఆయన పెదవులు నవ్వబోయి మానుకొన్నాయి. "ఊహ చెప్పిన సంఖ్యతో ముద్ర మార్చెయ్యండి. ఒకసారి మారిందంటే పాతదానికి ఏ అధికారమూ ఉండదు. కొత్త సంఖ్యకి గవ్వలు వద్దు. నా చెయ్యీ వద్దు."

"ముందు ఆసుపత్రికి చెప్పాలి కదా మాస్టారూ. పిల్లల అమ్మానాన్నలకు?"

"మార్చాక చెబుదాం. ముందే చెబితే ఈ మాట పదిమంది నోళ్ళలో పడుతుంది. పదకొండోవాడు మనకన్నా ముందు మారుస్తాడు. అప్పుడు ఇక మన చేతిలో ఏముంటుంది?"

అది సబబుగానే తోచింది. ఇతరుల మంచికోసం వాళ్ళకు చెప్పకుండా చేసే పని ఎప్పుడూ సబబుగానే తోస్తుంది.

కొత్త సంఖ్యకోసం తాతాజీ మందుల దుకాణం రేకు మీద పడుతున్న వాన చప్పుడును పట్టుకొన్నాడు. ఆ శబ్దంలోంచి అంకెలు తీశాం. వాన దేన్నీ వదిలిపెట్టదు, దేన్నీ మురిగిందనదు.

* * *

ముద్ర మార్చే కాసేపు ఊపిరితోడు పనిచేయదు. బిడ్డ మెలకువగా ఉండాలి. మొదట ఆమనికే మార్చి, సరిగా జరిగితే మిగిలిన పిల్లలకు పంపుదామని అనుకొన్నాం. ఆమె పరికరాన్ని చదివే చిన్న పలక మా ఇంట్లోనే ఉంది. సాయంత్రం హాల్లో ఆమనిని కూర్చోబెట్టి, జుట్టు పైకెత్తి, ఆ పలకను మెడకు ఆనించాను. అత్తగారు ఎదురుగా కూర్చున్నారు, పిల్లను నిద్రపోనివ్వకుండా చూడటం ఆవిడ పని. మాస్టారు ఆటోలో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆఫీసు నుంచి తాతాజీ ఫోనులో ఉన్నాడు.

"చల్లగా ఉందమ్మా."

"కాసేపే. కదలకు."

"కథ చెప్పు నానమ్మా."

"కథ చెబితే నిద్రొస్తుంది. పొడుపుకథ వెయ్యనా? కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు."

"కళ్ళు. అది ఎల్కేజీ వాళ్ళకి. ఇంకోటి."

ఏ ఆజ్ఞ రాయబోయేముందైనా, ఉన్న ఫైలును ఒకసారి చదవడం మా అలవాటు. పరికరం లోపలి ఫైలును పొరలో తెరిచాను. కొమ్మలు విచ్చుకొన్నాయి. భరిణె లోపల భరిణె. మూలముద్ర ఉండే గడి దగ్గర నా చేయి ఆగింది.

అక్కడ ఉన్నది మాస్టారి ముద్ర కాదు.

మాస్టారి ముద్ర కింది కొమ్మలో ఉంది. 'పాతది' అనే మూత కింద. దాని పక్కన మార్పు జరిగిన తేదీ. మేము రెండవసారి ప్రతులు పంపిన వారంలోదే. మార్చిన ఆజ్ఞ సక్రమంగా ఉంది, పాత మూలముద్రతో, ఏ లోపమూ లేకుండా. ఆ తర్వాత ఆసుపత్రి ముద్రను కొత్త మూలం మళ్ళీ ఆమోదించింది. అందుకే ఎవరికీ ఏదీ తెలియలేదు. ఎవరో ఇంట్లోకి వచ్చి, తాళం మార్చి, కొత్త తాళంచెవి ఒకటి మన కొక్కేనికే తగిలించి వెళ్ళిపోయారు. అసలు చెవి వాళ్ళ దగ్గరుంది.

"ఏమైందమ్మా?" అన్నారు మాస్టారు.

తెరను ఆయన వైపు తిప్పాను. ఆయన కళ్ళజోడు సర్దుకొని చదివారు. మళ్ళీ చదివారు.

మార్పు జరిగినప్పుడు కాసేపు పరికరం ఆగి ఉంటుంది. ఆ కాసేపు నా బిడ్డ మెలకువగా ఉందా? ఎవరు చూసుకొన్నారు? పక్కన గడిలోని సమయం చూశాను. పొద్దున్న, బడి గంట వేళ. ఎవరో ఆ జాగ్రత్త కూడా తీసుకొన్నారు. ఆ జాగ్రత్త నన్ను ఎక్కువ భయపెట్టింది.

కొత్త ముద్ర బయటి సగాన్ని ఊహకు ఇచ్చాను. గడి ఖాళీగా ఉంది. ఒక్క బూడిదరంగు అక్షరం కూడా రాలేదు. ఏ అలవాటూ లేని చేయి అది. లేదా తన అలవాట్లన్నీ తెలిసిన చేయి.

"నీరజగారండీ," అన్నాడు తాతాజీ ఫోనులో. "ఆసుపత్రి వాళ్ళు పరీక్ష కోసమని ఇచ్చిన ఫైళ్ళు తెరిచి చూస్తున్నానండి. నిన్నటివి. అందరిదీ మారిపోయిందండి. అందరిదీ."

అత్తగారు పొడుపుకథ మధ్యలో ఆపి మా ముఖాలు చూస్తున్నారు.

"మంచివాడేమో," అన్నారు మాస్టారు. "తప్పు చూశాడు. మనకన్నా ముందే దిద్దాడు. హాని చెయ్యలేదు కదా."

"మంచివాడైతే ఎందుకు చెప్పలేదు?"

"మనం చెప్పామా?"

మార్చాక చెబుదాం అని పొద్దున వరండాలో అనుకొన్నవాళ్ళం మేమే. అవతలి మనిషి కూడా ఒక బల్ల ముందు కూర్చుని, నేను మంచివాణ్ణి, అని అనుకొని ఉంటాడు. ఆ పలుచని గోడకు ఇవతల పొద్దున నేనున్నాను. ఇప్పుడు అవతల ఉన్నాను.

ఫోనులో తాతాజీ ఊపిరి వినిపిస్తోంది. "ఇంకొకటండి. ఇప్పుడే వచ్చింది. ఒడ్డు దగ్గర్నుంచి."

"చదువు."

"'వదిలినవి గడి చక్కగా పనిచేస్తున్నది. అడిగిన వెంటనే చేర్చినందుకు మీకు ఎంతో కృతజ్ఞుణ్ణి. ఊహతో సహా విడుదల రేపే కదా? ఎదురుచూస్తూ ఉంటాను.' అంతేనండి. ఈయనేనంటారా?"

తెలియదు. అందులో బెదిరింపు లేదు. కోరిక కూడా లేదు, ఒక ప్రశ్న తప్ప. నిజంగా ఎడిటర్ కోసం ఎదురుచూస్తున్న మర్యాదస్తుడైన పెద్దమనిషి కావచ్చు. కృతజ్ఞుడు అన్నాడు కనుక మగవాడని మాత్రం తెలిసింది. అది కూడా నమ్మనవసరం లేదు.

"విడుదల ఆపేద్దామండి," అన్నాడు తాతాజీ. "ఊహ బయటికెళ్తే ఇంకెన్ని ముద్రలు ఇలా ఊడతాయో. ఎన్ని బ్యాంకులు, ఎన్ని ఆనకట్టలు. చేత్తో చేసిన ముద్రలు మనవొక్కటేనేంటండీ?"

"ఆపితే?"

"ఆపితే..." అని మిగతాది మింగేశాడు. ఆపితే మాకు తెలిసిందని ముద్ర మార్చినవాళ్ళకు తెలుస్తుంది. పిల్లల ఊపిరి వాళ్ళ చేతిలోనే ఉంది.

మాస్టారు రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిల పెట్టుకొని వాటినే చూసుకొంటున్నారు.

"అమ్మా, అయిపోయిందా?" అంది ఆమని. "కళ్ళు మండుతున్నాయి. పడుకోనా?"

మధ్యాహ్నం నుంచి ఆమెను నిద్రపోనివ్వలేదు. ఎంతసేపు నిద్రపోనివ్వకుండా ఉంచగలం? ఈ సాయంత్రం, ఈ రాత్రి. ఆ తర్వాత? నిద్ర పిల్లలకు ఊపిరిలాగే వస్తుంది, అడిగి రాదు.

పలకను మెడ నుంచి తీశాను. చాప పరిచి, దిండు వేసి, "పడుకో తల్లీ," అన్నాను. ఆమె పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకొంది. రెప్పలు వాలాయి. ఛాతీ నిలిచింది. ఎక్కడో, ఎవరో, గవ్వలు వేయకుండా పిడికిట్లో పట్టుకొని కూర్చున్నారు. ఆ పిడికిలి బిగువు మా హాలంతా నిండింది. అత్తగారు ఎందుకో తెలియకుండానే దణ్ణం పెట్టుకొన్నారు.

"ఏం రాయమంటారండీ ఆయనకి?" అన్నాడు తాతాజీ.

"నేను రాస్తాను."

కంప్యూటరును దగ్గరకు లాక్కొన్నాను. ఊహ బయటికి పోతే దెబ్బతినేవాళ్ళు, ఎక్కడెక్కడి ఇళ్ళో, ఎవరెవరి పిల్లలో, కళ్ళముందుకు రాబోయారు. రానివ్వలేదు. వాళ్ళను వదిలాను.

'రేపేనండి. ఊహతో సహా,' అని రాసి పంపాను.

చాప మీద ఆమని ఊపిరి తీసుకొంది.